మీకు తెలుసా? ముందు బ్లాక్‌లో ఏ కాలు?

పశ్చిమ గోదావరి జిల్లా తణుకుకు చెందిన దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 4×400 మీటర్ల రిలే పరిగెత్తింది. ఆమె వ్యక్తిగత పోటీ 400 మీటర్లు. పెద్ద పోటీల్లో అంత దూరం పరుగుకూ స్టార్టింగ్ బ్లాక్స్ (పాదాలు ఆనించి తోసుకునే దిమ్మెలు) నుంచే బయల్దేరాలి.

హైస్కూలు పిల్లలకు ఇందులో తొలి పాఠం, ఏ కాలు ముందుండాలన్నదే. నిలబడ్డ పిల్లను వెనక నుంచి మెల్లగా నెడితే, తూలిపోకుండా ముందుకు వేసే కాలు సాధారణంగా వెనక బ్లాక్‌లోకి వెళ్తుంది. ప్రారంభ గీత నుంచి ముందు బ్లాక్‌కు సుమారు రెండు పాదాల దూరం, వెనకదానికి మూడు.

స్టార్టర్ ‘సెట్’ అనగానే నడుము భుజాలకంటే కాస్త పైకి లేవాలి. ముందు మోకాలు దాదాపు 90 డిగ్రీల్లో వంగి ఉండాలి. చాలామంది ఇక్కడే తలెత్తి గమ్యం వైపు చూస్తారు. దాంతో మెడ బిగుసుకుని, మొదటి అడుగుకే నిటారుగా లేచిపోతారు. అన్నిటికంటే ఓపిగ్గా దిద్దాల్సిన తప్పు ఇదే.