కంప్యూటరులోకి చొరబడే కొయ్యగుర్రం

గ్రీకులు ట్రాయ్ నగరాన్ని పదేళ్లు ముట్టడించినా లొంగదీయలేకపోయారని ఒక పురాణగాథ. చివరకు పెద్ద కొయ్యగుర్రాన్ని చేసి, దాని కడుపులో సైనికులను దాచి, కోట బయట వదిలి వెళ్లిపోయినట్టు నటించారు. ట్రాయ్ ప్రజలే దాన్ని సంబరంగా లోపలికి లాక్కుపోయారు. రాత్రికి సైనికులు బయటికొచ్చి కోట తలుపులు తెరిచారు. కంప్యూటరు రంగంలో ‘ట్రోజన్’ అనే పేరు ఈ కథ నుంచే వచ్చింది.

ట్రోజన్ అంటే ఏమిటి?

పైకి ఉపయోగపడే ప్రోగ్రాములా కనిపిస్తూ, లోపల హాని చేసే ఆదేశాలను దాచుకున్నదే ట్రోజన్. వైరస్ ఇతర ఫైళ్లకు అంటుకుని వ్యాపిస్తుంది. వార్మ్ ఎవరి సాయమూ లేకుండా ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి పాకుతుంది. ట్రోజన్ అలా కాదు. ఉచితంగా దొరికిన ఆట అనుకుని మనమే దాన్ని తెచ్చుకుంటాం.

1989లో ఎయిడ్స్ వ్యాధి సమాచారం పేరుతో సుమారు 20,000 ఫ్లాపీలు పలు దేశాలకు తపాలాలో చేరాయి. వాటిలోని ప్రోగ్రాము కంప్యూటరు ఎన్నిసార్లు మొదలైందో లెక్కపెట్టుకుంటూ, సుమారు 90వ సారి ఫైళ్ల పేర్లన్నీ తారుమారు చేసి, 189 డాలర్లు పంపమని అడిగింది!

తనిఖీ ఎలా జరుగుతుంది?

తిరుమల కొండకు వెళ్లే వాహనాలను, సామాన్లను అలిపిరి వద్ద తనిఖీ చేయడం మనకు తెలిసిందే. యాంటీ-ట్రోజన్ సాఫ్ట్‌వేరు పని కూడా అటువంటిదే. దానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది, ఆనవాళ్లు పోల్చడం. ఇంతకుముందు దొరికిన ట్రోజన్ల ఆనవాళ్ల పట్టిక దాని దగ్గర ఉంటుంది. ప్రతి ఫైలును ఆ పట్టికతో సరిచూస్తుంది. పట్టిక పాతదైతే కొత్త దొంగ దర్జాగా లోపలికి నడిచిపోతాడు.

రెండవది, నడవడిక గమనించడం. లెక్కలు చేసే ప్రోగ్రాముకు కెమెరాతో పనేమిటి? ఒక ఆట నిమిషంలో వందల ఫైళ్లను ఎందుకు మార్చాలి? ఇలాంటి అనుమానం రాగానే ఆపేస్తుంది. ఈ పద్ధతిలో ఒక్కొక్కసారి మంచి ప్రోగ్రాము కూడా ఆగిపోతుంది, గడుసు దొంగ తప్పించుకుంటాడు.

2017లో మన జిల్లాలో

కాబట్టి సాఫ్ట్‌వేరు ఒక్కటే చాలదు. 2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే వార్మ్ బయలుదేరి సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఫైళ్లకు రహస్య సంకేతాలతో తాళం వేసి, తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడిగేది. అది దూరిన కన్నాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. ఆ సవరణ వేసుకున్న విండోస్ కంప్యూటర్లలోకి అది ఆ కన్నం గుండా రాలేకపోయింది.

మనం ఏం చేయాలి?

1. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే రక్షణ ప్రోగ్రాము ముందే ఉంటుంది. వేరేది కావాలంటే తయారు చేసిన సంస్థ నుంచే తీసుకోండి. ఎప్పుడూ కాపలా కాసేవి రెండుంటే ఒకదానికొకటి అడ్డుపడతాయి, ఒక్కటి చాలు.

2. ‘మీ కంప్యూటరులో వైరస్ ఉంది, ఇక్కడ నొక్కండి’ అంటూ తెరపై ఊడిపడే ప్రకటనను నమ్మకండి. ఆ ‘మందే’ ట్రోజన్ కావచ్చు.

3. ఆనవాళ్ల పట్టికను, విండోస్‌ను ఎప్పటికప్పుడు తాజా చేయండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిందని గుర్తుంచుకోండి.

4. ‘రక్షణ ఆపితేనే ఈ ఆట నడుస్తుంది’ అని ఎవరైనా చెబితే ఆ ఆటనే వదిలేయండి.

5. ముఖ్యమైన ఫైళ్లకు మరో నకలు వేరే డిస్కులో ఉంచి, పని కాగానే దాన్ని కంప్యూటరు నుంచి విడదీయండి. తాళం పడినా నకలు మిగులుతుంది.

6. ఇంట్లో ఎవరి బ్యాంకు ఖాతా నుంచైనా డబ్బు పోయినట్టు తెలిస్తే పెద్దలకు చెప్పి, ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయించండి.

ఈరోజు ఇంటికి వెళ్లగానే మీ కంప్యూటరులో ఆనవాళ్ల పట్టిక చివరిసారి ఏ తేదీన తాజా అయిందో చూడండి. వారం దాటి ఉంటే, ముందు ఆ పని చేయించండి. ఆటలు తర్వాత!