మందు మంచిదే! మరి వాడేదెలా?

పోయిన ఏడు మా డిపార్టుమెంటు నోటీసుబోర్డులో సెమినార్ల జాబితా అంటించినప్పుడు నా పేరుకెదురుగా ‘హెచ్.ఐ.వి. నివారణకు మైక్రోబిసైడ్ జెల్ - వాడేవారి సుముఖత’ అని ఉంది. వెనక బెంచీలో ముసిముసి నవ్వులు. నాకూ సిగ్గేసింది. “మేడమ్, ఇంకేదైనా టాపిక్ ఇవ్వండి” అని అడగడానికి వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, “చదవడానికే నువ్వింత సిగ్గుపడితే, వాడాల్సిన ఆడవాళ్ళ సంగతేమిటమ్మా?” అన్నారు. ఇంక మాట్లాడకుండా లైబ్రరీ దారి పట్టాను.

అసలు మైక్రోబిసైడ్ జెల్ అంటే ఏమిటి? స్త్రీ తన శరీరం లోపలికి తానే ఎక్కించుకునే మెత్తని లేపనం. సూదిలేని సిరంజి వంటి ప్లాస్టిక్ గొట్టంలో కొలిచి నింపి ఇస్తారు. సంభోగ సమయంలో వైరస్ ప్రవేశించినా, అది కణాల్లో పాతుకుపోకుండా అక్కడికక్కడే అడ్డుకోవాలన్నది ఉద్దేశం. నిరోధ్ ఉండగా ఇదెందుకు అంటారా? నిరోధ్‌కి మగవాడు ఒప్పుకోవాలి! ఆడవాళ్ళు తమంతట తాము వాడుకోగల సాధనం కావాలని 1990లోనే జీనా స్టైన్ అనే శాస్త్రవేత్త రాశారు.

ఇది చదువుతుంటే మా వీధి చివరింటి అక్క గుర్తొచ్చింది. ఆమె భర్త లారీ డ్రైవరు. ఆయన జబ్బుపడి పోయాక పరీక్ష చేస్తే ఈవిడకూ ఉందని తేలింది. “తొడుగు వాడమని ఎట్టా అడిగేది వదినా? నామీద అనుమానమా అని చెయ్యి చేసుకునేవాడు” అని మా అమ్మతో అంటుంటే విన్నాను. ఇప్పుడు ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రలతో ఆరోగ్యంగానే ఉంది. మిషను కుట్టుకుంటూ కొడుకుని చదివించుకుంటోంది. కాని ఆ మాత్రల డబ్బాని ఈనాటికీ బియ్యం డబ్బాలో దాస్తుంది. ఈ డబ్బా సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

జెల్ కథ అపజయాలతో మొదలైంది. మొదట్లో నానాక్సినాల్-9 మీద ఆశ పెట్టుకున్నారు. అది సబ్బులాగా వైరస్ పైపొరను కరిగిస్తుంది. అయితే యోని లోపలి సున్నితమైన పొరను కూడా దెబ్బతీస్తుంది! ఎక్కువసార్లు వాడినవారికి రక్షణ రాకపోగా ప్రమాదమే పెరిగిందని 2000లో తేలింది. సెల్యులోజ్ సల్ఫేట్ జెల్ ప్రయోగాన్ని 2007లో మధ్యలోనే ఆపేశారు. సముద్రపు నాచు నుంచి తీసిన క్యారాగార్డ్ హాని చేయలేదు గాని, మేలూ చేయలేదని 2008లో తెలిసింది.

తర్వాత వైరస్‌మీదనే పనిచేసే టెనోఫోవిర్ మందును 1 శాతం పాళ్ళలో జెల్‌గా చేశారు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో 889 మంది స్త్రీలతో జరిగిన కాప్రిసా 004 ప్రయోగ ఫలితాలు 2010లో వియన్నా మహాసభలో వెలువడ్డాయి. కలయికకు ముందు 12 గంటల లోపు ఒకసారి, తర్వాత 12 గంటల లోపు మరోసారి వాడాలి. మొత్తంమీద కొత్త ఇన్‌ఫెక్షన్లు 39 శాతం తగ్గాయి. నూటికి 80 సార్లకు మించి క్రమంగా వాడినవారిలో 54 శాతం తగ్గాయి. లోకమంతా పండుగ చేసుకుంది!

ఆ పండుగ ఎక్కువ కాలం నిలవలేదు. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది స్త్రీలతో వాయిస్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. అందులో కొందరికి జెల్‌నే రోజూ వాడమని ఇచ్చారు. ప్రయోజనం కనబడక 2011లో ఆ భాగాన్ని నిలిపేశారు. విచిత్రమేమిటంటే, వాడుతున్నారా అని అడిగితే వచ్చిన జవాబుల ప్రకారం వాడకం సుమారు 90 శాతం! రక్తం పరీక్షిస్తే సుమారు 25 శాతం నమూనాల్లోనే మందు కనిపించింది. 2015లో వెలువడిన ఫ్యాక్ట్స్ 001 ఫలితాలూ నిరాశే మిగిల్చాయి.

ఆ స్త్రీలు అబద్ధాలకోరులా? తొందరపడి అలా అనెయ్యకండి. ‘బాగుందా?’ అని తెల్లకోటు వేసుకున్నవాళ్ళు అడిగితే ‘బాగుందండీ’ అనడం మర్యాద. మనం మాత్రం? మెస్ కమిటీ వచ్చి సాంబారు ఎలా ఉందంటే ఏం చెబుతున్నాం? ‘బాగుంది’ అనడం వేరు, రోజూ పోయించుకోవడం వేరు.

తర్వాత పరిశోధకులు ఆ స్త్రీలను కూర్చోబెట్టి, తీరిగ్గా మాట్లాడించారు. అప్పుడు బయటికొచ్చాయి అసలు సంగతులు. కొందరికి జెల్ కారి తడి అవుతుందని చిరాకు. కొందరికి అదే తడి హాయిగా ఉంది. మొగుడికి తెలిస్తే ఏమంటాడో అని కొందరి భయం. ఒంట్లో జబ్బు లేకుండా జబ్బువాళ్ళ మందు ఎందుకు వాడాలని కొందరి సందేహం. ఇంట్లో ఎవరైనా చూస్తే తమకే హెచ్.ఐ.వి. ఉందనుకుంటారని ఇంకొందరి బెంగ. చూశారా? మా అక్క బియ్యం డబ్బా క్వాజులు-నటాల్‌లోనూ ఉంది!

మన దేశానికీ ఇందులో పాలుంది. టెనోఫోవిర్ జెల్ నిరపాయమా, వాడేవారు ఒప్పుకుంటారా అని చూసిన ఒక ప్రయోగం పుణేలోనూ, అమెరికాలోని న్యూయార్క్, బర్మింగ్‌హామ్ నగరాల్లోనూ 200 మంది స్త్రీలతో జరిగింది. కొందరు రోజూ, కొందరు కలయికకు ముందు వాడారు. జెల్ నిరపాయమనే తేలింది. కాని ఒక్క గదిలో అత్తమామలు, పిల్లలు పడుకునే ఇంట్లో, ఈ గొట్టం ఎక్కడ పెట్టుకోవాలి? ఎప్పుడు లేచి వాడుకోవాలి? వాడేసిన గొట్టాన్ని ఎక్కడ పారెయ్యాలి? ఈ ప్రశ్నలకు ప్రయోగశాలలో జవాబు దొరకదు.

అయితే ఆ శ్రమ వృథా పోలేదు. ‘గుర్తుపెట్టుకుని వాడే’ భారం తగ్గించాలన్న పాఠం దక్కింది. నెలకొకసారి మార్చుకునే డాపివిరిన్ రింగు సుమారు 30 శాతం రక్షణ ఇచ్చిందని 2016లో తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని సిఫారసు చేసింది. ఆపైన ఆరు నెలలకొకసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్ వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో జరిగిన ప్రయోగంలో, అది తీసుకున్న 2,134 మంది స్త్రీలలో ఒక్కరికీ వైరస్ సోకలేదని 2024లో ప్రకటించారు. అదే ప్రయోగంలో రోజూ మాత్ర ఇచ్చినవారిలో చాలామంది సరిగా వేసుకోలేదు. ఇంజెక్షన్ దాచుకోవడానికి బియ్యం డబ్బా అక్కర్లేదు కదా!

సెమినారు రోజున వెనక బెంచీ నవ్వలేదు. చివర్లో ఒకమ్మాయి లేచి, “ఆ అక్కకి ఆరోజుల్లో ఈ జెల్ ఇచ్చి ఉంటే వాడేదంటావా?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అక్కనే అడిగాను. మిషను తొక్కడం ఆపి, కాసేపు ఆలోచించి అంది - “ముందు నన్నెవరైనా ఇట్టా అడిగుంటే కదే, చెప్పేదాన్ని.”

మిత్రులారా, రేపు మనలో కొందరు మందులు తయారుచేస్తారు, కొందరు పంచుతారు. మందు ఎంత గొప్పదైనా సీసాలో ఉన్నంతకాలం ఎవరినీ కాపాడదు. అది వాడే మనిషి ఇంటి గడప దాకా వెళ్ళి, కూర్చుని, ఓపిగ్గా అడిగి తెలుసుకోవడం కూడా సైన్సులో భాగమేనని నాకు చెప్పింది పుస్తకాలు కాదు, మా అక్క.