రాగి తొట్టిని చూసిన కన్ను

బొమ్మలోని విషయాన్ని బట్టి చిత్రకారుడి స్థాయిని నిర్ణయించే ఆచారం ఒకప్పుడు ఫ్రాన్సులో ఉండేది. 1667 నాటి పారిస్ రాజ చిత్రకళా అకాడమీ ఉపన్యాసాలకు ఆంద్రే ఫెలిబియాన్ రాసిన పీఠికలో పురాణ, చరిత్ర ఘట్టాలను చిత్రించేవారికి అగ్రాసనం దక్కగా, పండ్లూ పూలూ గవ్వలూ గీసేవారికి, అంటే నేడు స్టిల్ లైఫ్ అని పిలిచే నిశ్చల వస్తు చిత్రాల కర్తలకు, అట్టడుగు మెట్టే మిగిలింది. అంతకు ముందు నుంచీ డచ్చి చిత్రకారులు వానితాస్ అనే తరహాలో పుర్రెను, గడియారాన్ని, ఆరిపోయిన దీపాన్ని ఒకే బల్లమీద పేర్చి, బతుకు అశాశ్వతమని ఆ వస్తువుల చేతనే చెప్పిస్తూ వచ్చారు.

1728లో అకాడమీ సభ్యుడైన జాన్ సిమియోన్ షార్దాన్ (1699–1779) వంటింటి సామాను మీద అలాంటి నీతిని మోపలేదు. నేడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ‘రాగి నీటి తొట్టి’ చిత్రాన్ని ఆయన 1734 ప్రాంతంలో, జానెడుకు కొంచెం మించిన ఎత్తున్న చెక్క పలక మీద వేశాడు. ఆనాటి పారిస్ ఇళ్లకు కొళాయి నీళ్లు లేవు కనుక, నీళ్లు మోసేవారి దగ్గర కొన్న నీటిని ఇలాంటి మూత తొట్టిలో నింపి, అడుగున బిగించిన చిన్న కొళాయి తిప్పి వాడుకునేవారు. దాని దగ్గర ఒక బకెట్, ఒక కూజా లాంటివి తప్ప చిత్రంలో చెప్పుకోదగిన సంగతేదీ లేదు. అయినా, రాగి మీద వెలుగు పడిన చోట ఎరుపు పసుపుగా మారడాన్నీ, నీడలో అదే లోహం గోధుమరంగులోకి మసకబారడాన్నీ చిత్రకారుడు ఎంత ఓపికగా గమనించాడంటే, రాజుల కిరీటాలను చిత్రించేవారు కూడా లోహాన్ని ఇంత శ్రద్ధగా చూశారా అన్న సందేహం కలుగుతుంది.

ఈ వాస్తవికత నున్నని పనితనం వల్ల వచ్చింది కాదు. షార్దాన్ చిక్కటి రంగును పొరమీద పొరగా వేసేవాడు. దగ్గరికి వెళ్తే గరుకు మచ్చలుగా కనిపించేది, రెండడుగులు వెనక్కి వేయగానే పింగాణీగానో పండుగానో కుదురుకునేది. ఆయన ఆలివ్ కాయల జాడీ చిత్రాన్ని 1763 నాటి అకాడమీ ప్రదర్శనలో చూసిన రచయిత దిదెరో ఈ గారడీనే మెచ్చుకున్నాడు. కాలం గడిచేకొద్దీ షార్దాన్ బల్లమీది వస్తువుల సంఖ్యనూ తగ్గించుకున్నాడు: 1760 ప్రాంతపు ఒక చిత్రంలో గ్లాసెడు నీళ్లు, కాఫీ కూజా, కొన్ని వెల్లుల్లిపాయలు మాత్రమే ఉన్నాయి. అవి దేనికీ ప్రతీకలు కావు. ఎవరో వాడి పెట్టినవి, మళ్లీ వాడబోయేవి. వాటి అర్థమంతా ఆ వాడకంలోనే ఉంది.

అకాడమీ తన మెట్ల వరుసను సడలించలేదు గానీ, 1755లో ఆయనను కోశాధికారిగా ఎన్నుకుంది. ప్రదర్శనశాలలో చిత్రాలను గోడలకు అమర్చే బాధ్యతనూ అప్పగించింది. దాంతో చరిత్ర చిత్రకారుల భారీ పటాలు ఏ గోడమీద, ఎంత ఎత్తున వేలాడాలో వంటపాత్రల చిత్రకారుడే తేల్చవలసి వచ్చింది.