తప్పు డిస్కుదేనా?

కారు ముందు చక్రాలకు డిస్కులు, ప్యాడ్లు కొత్తవి వేయించారు. మొదట్లో బ్రేకు బాగానే పడింది. రెండు మూడు నెలలు గడిచాక హైవే మీద ఎనభైలో పోతూ బ్రేకు నొక్కితే స్టీరింగు వణుకుతోంది, పాదం కింద పెడల్ కొట్టుకుంటోంది. మెకానిక్ చూసి "డిస్కు బెండయింది సార్, మార్చాల్సిందే" అంటాడు. మారిస్తే వణుకు పోతుంది. కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. డిస్కు నాసిరకమని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు అసలు లోపం దాన్ని బిగించిన రోజునే మొదలై ఉంటుంది. ఆ లోపం ఎక్కడుందో డిస్కు, ప్యాడ్ల మీది అరుగుదలే పట్టిస్తుంది. దాన్ని చూడటం తెలియాలి.

బ్రేకు లోపల జరిగేది

1200 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిశక్తి దాదాపు 3 లక్షల జౌళ్లు. బండి ఆగాలంటే ఆ శక్తంతా వేడిగా మారాలి. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆ పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే.

మన చిన్న కార్లలో సాధారణంగా ఉండేది జారుడు కాలిపర్. దానికి పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. బ్రేకు ఆయిలు పీడనానికి పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడును డిస్కుకు అదుముతుంది. ఆ ప్రతిచర్యకు కాలిపర్ రెండు గైడ్ పిన్నుల మీద లోపలికి జరిగి, బయటి ప్యాడును కూడా డిస్కు మీదికి లాగుతుంది. కాలు తీశాక పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు తన పూర్వ ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తీసుకుంటుంది. అంతకుమించి ప్యాడ్లను దూరంగా లాగే ఏర్పాటు చాలా కార్లలో లేదు. బ్రేకు వేయనప్పుడు కూడా ప్యాడుకూ డిస్కుకూ మధ్య జాగా అతి తక్కువ.

వంకర కాదు, మందంలో తేడా

వణికే డిస్కును తీసి కొలిస్తే అది వంగి ఉండటం అరుదు. కనిపించేది మందంలో తేడా. చుట్టూ ఒకే మందం ఉండాల్సిన డిస్కు ఒకచోట 15, 20 మైక్రాన్లు పలచబడినా కొన్ని కార్లలో డ్రైవరుకు తెలిసిపోతుంది. మందమైన చోటు ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడు పిస్టన్ వెనక్కి నెట్టబడుతుంది, ఆయిలు ద్వారా ఆ తోపుడు పెడల్‌కు చేరుతుంది. అదే సమయంలో చక్రాన్ని ఆపే బలం పెరిగి తగ్గుతూ స్టీరింగును కదుపుతుంది. 175/65 ఆర్14 టైరు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 12 చుట్లు తిరుగుతుంది. స్టీరింగు, సస్పెన్షన్ భాగాల సహజ కంపనానికి ఈ వేగం దగ్గరపడితే అనునాదం ఏర్పడి వణుకు ఉద్ధృతమవుతుంది. ఒక వేగం దగ్గర విపరీతంగా ఉన్న వణుకు ఇంకా నెమ్మదిస్తే తగ్గిపోవడానికి కారణమిదే.

మరి మందంలో తేడా ఎలా పుడుతుంది? డిస్కు కూర్చునే హబ్బు మీద పాత తుప్పు ఉందనుకోండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో తిరిగే బండ్లకు ఇది మామూలే. 14 సెంటీమీటర్ల హబ్బు అంచున 0.05 మిల్లీమీటర్ల తుప్పు పెచ్చు మిగిలితే, దాని మీద బిగించిన డిస్కు 23 సెంటీమీటర్ల వలయం దగ్గర 0.08 మిల్లీమీటర్ల మేర పక్కకు ఊగుతుంది. ఇది కంటికి ఆనదు. కానీ తిరిగే ప్రతి చుట్టులోనూ డిస్కు ఒక ముఖంలోని ఎత్తు లోపలి ప్యాడును, దానికి సరిగ్గా ఎదుటి కొసన రెండో ముఖం బయటి ప్యాడును గీరుతుంటాయి. ఆ టైరు కిలోమీటరుకు సుమారు 550 చుట్లు తిరుగుతుంది. రెండు వేల కిలోమీటర్లకు 11 లక్షల గీతలు! బ్రేకు వేయకపోయినా డిస్కు ఎదురెదురుగా రెండుచోట్ల పలచబడుతుంది. రిపేరు నాడు బాగున్న బ్రేకు నెలల తరవాత వణకడంలో గుట్టు ఇదే.

వీల్ నట్లను ఎయిర్ గన్‌తో ఎడాపెడా బిగించినా, బేరింగు మార్చేటప్పుడు హబ్బును వంకరగా ప్రెస్ చేసినా ఫలితం అంతే. అతివేడి మరో కారణం. ఘాట్ రోడ్డు దిగుతూ గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే డిస్కు మీద అక్కడక్కడా ఉష్ణోగ్రత 650–700 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. అప్పుడు పోత ఇనుములో సిమెంటైట్ అనే గట్టి పదార్థం మచ్చలుగా ఏర్పడుతుంది. ఆ మచ్చలు చుట్టూ ఉన్న ఇనుము కన్నా నెమ్మదిగా అరుగుతాయి, కాబట్టి ఎత్తుగా మిగులుతాయి. అవి లోతుకు దిగితే పైపైన లేత్ పట్టించినా పోవు.

ఎక్కడ అరిగిందో చూడండి

ఒక చక్రంలో లోపలి ప్యాడు మాత్రమే బాగా అరిగితే పిస్టన్ వెనక్కి రావడం లేదన్న అనుమానం ముందు రావాలి. బయటి ప్యాడే ఎక్కువ అరిగితే గైడ్ పిన్నులు బిగుసుకుని కాలిపర్ తిరిగి జరగడం లేదు. ప్యాడు ఒక కొసన మందంగా, మరో కొసన పలచగా ఉంటే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసి ఉండొచ్చు, లేదా ప్యాడు తన గాడిలో సరిగా కూర్చోలేదు.

పిన్నులు పట్టేయడానికి రిపేరే కారణం కావచ్చు. మామూలు పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుంది. అందుకే రబ్బరుకు సరిపడే సిలికాన్ గ్రీజు వంటిదే రాయాలి.

ఎడమ, కుడి చక్రాల మధ్య తేడా ఉంటే బ్రేకు హోసు కూడా చూడాలి. పనిచేసేటప్పుడు కాలిపర్‌ను హోసుకు వేలాడదీస్తే లోపలి పొర దెబ్బతినవచ్చు. పెడల్ నొక్కితే ఆయిలు వెళ్తుంది, వదిలితే తిరిగి రావడానికి తంటాలు పడుతుంది. ఆ చక్రం ప్యాడ్లు రెండూ డిస్కును రుద్దుతూనే ఉంటాయి. అన్ని చక్రాలూ వేడెక్కుతుంటే చక్రాల దగ్గర వెతకడం వృథా. పెడల్‌కు తగినంత ఫ్రీ ప్లే ఉందో లేదో, మాస్టర్ సిలిండర్ ఆయిలును వెనక్కి వదులుతోందో లేదో చూడాలి.

ఊహతో కాదు, కొలతతో

బ్రేకు నొక్కకపోయినా వణుకు ఉంటే ముందు టైర్లు, వీల్ బ్యాలెన్సింగు చూడండి. నొక్కినప్పుడే వస్తే బ్రేకుల వంతు. స్టీరింగు ఊగితే ముందు చక్రాలు, సీటు ఎక్కువగా అదిరితే వెనక చక్రాలు అనుమానించాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడల్ టకటకమంటే అది ఏబీఎస్ పని, లోపం కాదు. బ్రేకు తక్కువగా వాడుతూ కొంతదూరం నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఎడమ, కుడి డిస్కుల వేడి పోల్చితే పట్టేసిన చక్రం దొరుకుతుంది. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు.

ఆపైన రెండు పరికరాలు కావాలి. మైక్రోమీటరుతో డిస్కు అంచుకు సెంటీమీటరు లోపల, చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలవాలి. ఏ కొలతైనా డిస్కు మీద ముద్రించిన కనీస మందం కన్నా తక్కువుంటే దాన్ని మార్చాల్సిందే. డయల్ గేజితో డిస్కు ఊగును చూడాలి. చాలా కార్లకు హద్దు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ కారు సర్వీసు మాన్యువల్లో దొరుకుతుంది.

ఊగు ఎక్కువుంటే తప్పు ఎవరిదో తేల్చే తేలికైన ఉపాయముంది. ఎత్తుగా చూపిన చోట డిస్కు మీద, దాని పక్క హబ్బు మీద మార్కరుతో గుర్తులు పెట్టాలి. డిస్కును విప్పి, రెండు రంధ్రాలు తిప్పి మళ్లీ బిగించి కొలవాలి. ఎత్తు డిస్కుతో పాటు జరిగితే లోపం డిస్కుది. హబ్బు గుర్తు దగ్గరే నిలిచిపోతే ఎన్ని కొత్త డిస్కులు వేసినా డబ్బు దండగే.

షెడ్డులో అడగాల్సినవి

హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో తళతళలాడేదాకా శుభ్రం చేయమనండి. కొత్త డిస్కుకు పూసిన రక్షణ నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిపించండి. నట్లను ఎదురెదురు క్రమంలో, మాన్యువల్ చెప్పిన బిగింపుకు టార్క్ రెంచితోనే బిగించాలి. కొత్త డిస్కుకు పాత ప్యాడ్లు వాడనీయవద్దు. ప్యాడ్లు సర్దుకునే తొలి రోజుల్లో ఓ మోస్తరు వేగం నుంచి మెల్లగా బ్రేకులు వేస్తూ, మధ్యలో చల్లారనివ్వండి.

డిస్కు బెండయిందని మెకానిక్ అంటే వాదించక్కర్లేదు. ఎంత మందం, ఎంత ఊగు అని రెండు అంకెలు అడగండి. ఆ అంకెలు చూపకుండా డిస్కు మార్చమంటే మరో షెడ్డుకు వెళ్లడమే మంచిది.