ముళ్ళూ - లంకెలూ

తెలుగువాళ్ళకు ముడి కొత్త కాదు. పీటముడి, జారుముడి, బ్రహ్మముడి - మాటలే ఎన్నో ఉన్నాయి. ఇక మన కోనసీమలో తాడుకు కరువే లేదు. కొబ్బరి పీచుతో తాడు పేనుతాం, గేదెను పలుపుతాడుతో కట్టేస్తాం, రేవులో పడవను గుంజకు బిగిస్తాం. ఇన్ని ముళ్ళు వేసే మనం, ముడి కూడా గణితశాస్త్రంలో ఒక పాఠమని మాత్రం అనుకోం. నిజానికి ముడుల సిద్ధాంతమని గణితంలో పెద్ద శాఖే ఉన్నది.

అయితే గణితజ్ఞుడి ముడి వేరు, మన ముడి వేరు. మన తాడుకు రెండు కొసలుంటాయి. కొస దొరికితే ఎంతటి పీటముడినైనా ఓపికతో విప్పవచ్చు. అందుచేత గణితజ్ఞుడు ముడి వేశాక రెండు కొసలనూ కలిపి అతికించేస్తాడు. ఆ లెక్కన పెళ్ళిపందిట్లో వేసే మూడు ముళ్ళూ ముళ్ళే కావు! (ఈ సంగతి ఇంట్లో చెప్పకుండా ఉంటే మంచిది.)

కొసలు కలిసిన తాళ్ళు రెండో మూడో ఒకదానిలో ఒకటి దూరి ఉంటే దాన్ని లంకె అందాం. ధనుర్మాసంలో వాకిట్లో వేసే మెలికల ముగ్గు చూడండి. కొన్ని ముగ్గుల్లో మొదటినుంచి చివరిదాకా గీత ఒకటే. కొన్నిట్లో రెండు మూడు గీతలు. గీతను గీత దాటే ప్రతిచోటా ఏది పైన, ఏది కింద అని గుర్తుపెడితే, మొదటి రకం ముడి బొమ్మ, రెండో రకం లంకె బొమ్మ అయిపోతాయి.

ఇక అసలు ప్రశ్న. ఒక లంకెను తెంచకుండా విడదీయలేమని ఎలా చెప్పగలం? గంటసేపు గుంజాం, రాలేదు కనుక రాదు అనడం రుజువు కాదు. మనవల్ల కానిది రేపు మరొకరివల్ల కావచ్చు. పంతొమ్మిదో శతాబ్దం చివర తయారైన పట్టికల్లో పది దాటులున్న రెండు ముళ్ళను వేర్వేరుగా చూపారు. దాదాపు 75 ఏళ్ళు అందరూ అలాగే నమ్మారు. 1974లో కెన్నెత్ పెర్కో అనే న్యూయార్కు న్యాయవాది, ఒకదాన్ని మెల్లగా సర్దుకుంటూ పోతే రెండోది వస్తుందని చూపించాడు!

కనుక తాడును ఎంత మెలితిప్పినా మారని గుర్తు ఒకటి కావాలి. లంకెలకు అలాంటి గుర్తును 1833లోనే గౌస్ కనిపెట్టాడు. పద్ధతి తేలికే. రెండు తాళ్ళ మీదా తలొక బాణం గుర్తు వేయండి. ఒక తాడు రెండోదాన్ని దాటేచోట, పై తాడు మీద బాణం వైపు తిరిగి నిలబడినట్టు ఊహించుకోండి. కింది తాడు కుడినుంచి ఎడమకు పోతే +1, ఎడమనుంచి కుడికి పోతే -1. అన్నీ కూడి సగం చేయండి. అదే లంకె సంఖ్య.

ఇది ఎందుకు మారదంటే - బొమ్మలో తాడును ఎలా కదిపినా అది మూడే రకాల చిన్న కదలికల కూడిక అని 1927 ప్రాంతంలో రైడెమైస్టర్ చూపించాడు. ఒకటి, తాడు తనమీద తాను మెలిక పడటం. అది మన లెక్కలోకే రాదు. రెండు, ఒక తాడు మరోదాని మీదికి జరగడం; అప్పుడు ఒక +1, ఒక -1 కలిసి వచ్చి కొట్టుబడిపోతాయి. మూడు, ఒక దాటు మీదుగా తాడు జరగడం. దాటులు చోటు మారతాయి గాని గుర్తులు మారవు. విడిగా ఉన్న రెండు వలయాల సంఖ్య 0. గొలుసులో పక్కపక్క వలయాలది 1 లేదా -1. కాబట్టి వెయ్యేళ్ళు గుంజినా అవి ఊడిరావు. ఇదీ రుజువంటే.

దీనివల్ల ప్రయోజనమేమిటని అడగవచ్చు. మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియాలో డి.ఎన్.ఎ. వలయాకారంలో ఉంటుంది. దాని రెండు పోగులూ సుమారు పదిన్నర మెట్లకొక చుట్టు చొప్పున పెనవేసుకుంటాయి. మెట్లు దాదాపు 46 లక్షలు. అంటే లంకె సంఖ్య 4 లక్షలకు పైమాటే! కణం రెండుగా చీలాలంటే ఈ పోగులు విడిపోవాలి, సంఖ్య 0 కావాలి. తెంచకుండా అది కుదరదు. కణం చేసేదీ అదే: తెంచి, దాటించి, మళ్ళీ అతికిస్తుంది. ఈ పనిచేసే ఎంజైములను టోపోఐసోమెరేజులు అంటారు. మొదటిదాన్ని 1971లో జేమ్స్ వాంగ్ వెల్లడించాడు. డాక్టర్లు రాసే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర దెబ్బకొట్టేది ఇక్కడే. తెంచిన పోగును అతకనివ్వదు, బాక్టీరియా చస్తుంది.

ఒక హెచ్చరిక. సంఖ్య 0 వచ్చినంత మాత్రాన లంకె లేదనుకోకూడదు. బొరోమియన్ వలయాలని మూడున్నాయి. ఏ రెంటిని తీసుకున్నా వాటి మధ్య లంకె లేదు. మూడూ కలిస్తే మాత్రం విడదీయలేం. ఒక్కటి తెంపితే మిగతా రెండూ విడిపోతాయి. అందుకే ఇంకా సూక్ష్మమైన గుర్తులు కావలసివచ్చాయి. 1984లో వాన్ జోన్స్ ఒక బహుపదిని కనిపెట్టాడు. 1990లో ఆయనకు ఫీల్డ్స్ పతకం వచ్చింది. ముడిలేని వలయానికి ఆ బహుపది 1. నిజంగా ముడిపడినదానికి కూడా 1 రావచ్చునా? ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, బారెడు కొబ్బరితాడు చాలు. ప్రయత్నించేవారు మన కాలేజీలోనూ ఉండవచ్చు కదా!