ఐప్యాడ్ 2 - ఆపరేటింగ్ సిస్టం నవీకరణలు

ఐప్యాడ్ 2 యాపిల్ సంస్థ 2011 మార్చిలో విడుదల చేసిన టాబ్లెట్ కంప్యూటరు. ఐఓఎస్ 4.3తో వెలువడిన ఈ పరికరం 2015లో వచ్చిన ఐఓఎస్ 9 వరకు ప్రతి ప్రధాన నవీకరణనూ అందుకొన్నది. అయితే అందుకోవడం వేరు, మోయగలగడం వేరు.

ఇందులో ఏ5 ప్రాసెసరు, 512 మెగాబైట్ల ర్యామ్ ఉన్నాయి. 2014 నాటి ఐఓఎస్ 8తో దీని వేగం స్పష్టంగా తగ్గింది. ర్యామ్ చాలనప్పుడు వ్యవస్థ వెనుకనున్న అనువర్తనాలను మూసివేస్తుంది. కనుకనే ఒక వెబ్ పేజీని విడిచి మరల వచ్చేసరికి అది మొదటినుండి లోడవుతుంది. పరికరం చెడిపోయిందని పలువురు పొరబడేది ఇక్కడే. ఐఓఎస్ 8ను నేరుగా పరికరంలోనే స్థాపించుటకు సుమారు 4.6 గిగాబైట్ల ఖాళీ కావలసివచ్చేది. 16 గిగాబైట్ల నమూనాకు ఇది పెద్ద భారమే. ఐఓఎస్ 9లో దీనిని 1.3 గిగాబైట్లకు తగ్గించారు. కాని ఆ కూర్పులోని ముఖ్యాంశమైన తెర విభజన ఐప్యాడ్ 2కు లభించలేదు.

నవీకరించిన పిమ్మట వెనుకకు మరలడం సాధారణ మార్గంలో సాధ్యం కాదు. ప్రతి స్థాపనకూ యాపిల్ సర్వరు డిజిటల్ సంతకం అవసరం. కొత్త కూర్పు వచ్చిన కొద్ది కాలానికే పాతదానికి ఆ సంతకం నిలిపివేస్తారు. 2016 మార్చిలో ఐఓఎస్ 9.3 స్థాపించిన కొన్ని ఐప్యాడ్ 2లు యాక్టివేషన్ దశలోనే నిలిచిపోగా, సంస్థ సవరించిన కూర్పును విడుదల చేసింది.

అదే సంవత్సరం వచ్చిన ఐఓఎస్ 10 దీనికి అందలేదు. కొన్ని సెల్యులర్ నమూనాలకు మాత్రం జీపీఎస్ లోపాన్ని సరిచేస్తూ 2019 జూలైలో 9.3.6 వెలువడింది.