జిగురు పెడితే లేసు దక్కదు

గోదావరి పడమటి పాయ సముద్రాన్ని చేరే చోటికి చేరువలో ఉన్న నరసాపురం ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. కొక్కెం ఉన్న చిన్న సూది, నూలుదారం తప్ప వేరే సాధనమేదీ అవసరం లేని ఈ పని ఇంటింటా పాకి, విదేశీ విపణికి చేరింది. బల్లగుడ్డగానో, దిండు గలీబుగానో వాడి ఉతికిన లేసు ఎప్పటికైనా చిరుగుతుంది. అమ్మమ్మ అల్లిన ఒక్క ముక్క మిగిలితే దాన్ని పటం కట్టించాలన్న కోరిక సహజమే. చిక్కంతా పటాల దుకాణంలోనే మొదలవుతుంది.

దేవుళ్ల బొమ్మలకు అలవాటుపడిన చేయి లేసును కూడా అట్టకు జిగురుతో అతికించి, పైన అద్దం బిగిస్తుంది. జిగురు క్రమేణా పసుపురంగుకు తిరిగి దారంలోకి ఇంకుతుంది. దాన్ని ఊడదీయబోతే అల్లిక తెగుతుంది. అంటుడు టేపుదీ అదే దోషం. గుండుసూదులు కోస్తా తేమకు తుప్పుపట్టి మరకలు వదులుతాయి. అద్దానికి ఆనుకున్న లేసుకు వానాకాలంలో బూజు తప్పదు.

చేయవలసినది కుట్టడం. ముందు లేసును సున్నితమైన సబ్బునీటిలో నానబెట్టి, పిండకుండా, మంచినీటితో జాడించి, తెల్లని తువ్వాలుపై పరచి నీడన ఆరబెట్టాలి. గంజి పెట్టరాదు, అది పురుగులను పిలుస్తుంది. ఆమ్లం లేని అట్టకు, ఉతికి గంజి పోగొట్టిన నూలుబట్టను బిగించాలి. ముదురు నీలమో, మెరూనో అయితే తెల్లని అల్లిక చక్కగా తేలుతుంది. కాని ఆ బట్ట రంగు దిగుతుందో లేదో తడి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోవడం మరువరాదు. సన్నని నూలుదారంతో, అల్లిక చిక్కగా ఉన్న చోట్ల చిన్న చిన్న కుట్లు వేయాలి. అంచుకు నాలుగు కుట్లు వేసి ఊరుకుంటే బరువంతా వాటిపైనే పడి లేసు సాగుతుంది. లేసుకూ అద్దానికీ మధ్య సందు ఉండేలా చుట్టూ మందపాటి అట్ట చట్రం అమర్చాలి. వెనుక ప్లైవుడ్ నేరుగా తగలరాదు. ఎండ పడే గోడ, వానకు చెమ్మగిల్లే గోడ, వంటింటి గోడ ఈ పటానికి పనికిరావు.

ఇంత జాగ్రత్త ఒక డాయిలీకి ఎందుకని కొందరు అనవచ్చు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వెలువడింది. రోజంతా అల్లే స్త్రీలను కార్మికులుగా కాక తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లనే వారి కూలి అంత తక్కువకు నిలిచిపోయిందని ఆమె ఎత్తిచూపారు. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది; పూర్తయిన సరుకు ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలియదు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించడం మంచిదే. అయితే అది ఊరి పేరును కాపాడుతుంది గాని, అల్లిన మనిషి పేరు చెప్పదు.

ఆ పని ఇంటివారే చేయవచ్చు. అల్లినవారి పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం ఒక కాగితంపై పెన్సిలుతో రాసి పటం వెనుక కవరులో ఉంచాలి. సిరా వద్దు, చెమ్మ తగిలితే అది లేసుదాకా పాకుతుంది.